కీ ఊడిన వాచీ

మొన్నొక రోజు పొద్దున్నే వాచీకి కీ ఇస్తుంటే ఆ బుడిపె కాస్తా ఊడి నా వేళ్ళ మధ్యకి వచ్చేసింది. బుడిపె ఒక్కటే కాదు, దాని వెనక తోకలా ఉండే సన్నటి ఇనప పుల్లతో సహా.

"పోనిద్దూ, సెల్లులో టైము కనిపిస్తూనే ఉందిగా!" అన్నారు మా వారు, పేపర్లోంచి తలెత్తకుండా.

ఈ మాట అన్నదెవరు? మోటారు సైకిలు అద్దం రవ్వంత వదులైందని ఆఫీసుకి గంట ఆలస్యంగా వెళ్ళి మరీ బిగింపించుకొచ్చిన మనిషి! వాళ్ళ వస్తువు పాడైతే రిపేరుకెళుతుంది. మన వస్తువు పాడైతే సొరుగులోకి వెళుతుంది. నా మాట అబద్ధమైతే మీ బీరువా సొరుగు ఒకసారి లాగి చూడండి. కొక్కెం ఊడిన గొలుసు, జిప్పు పోయిన హ్యాండుబ్యాగు, అడుగున ఎక్కడో ఆగిపోయిన వాచీ. అన్నీ "తర్వాత చూద్దాం"లే.

ఆ వాచీ మా అమ్మది. అమ్మ పెళ్ళిలో మా నాన్నగారు అలకపాన్పు ఎక్కి వాచీ అడిగారట, తాతగారు అప్పు చేసి పెట్టారట. పెళ్ళికూతురికి కూడా ఒకటి ఉంటే బాగుండునని ఎవరికీ తోచలేదు. అప్పటికే ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. పీరియడు పీరియడుకీ టైము చూసుకోవలసిన మనిషి! రెండేళ్ళు నెలనెలా కొంత దాచి 1978లో తన జీతంతో తనే కొనుక్కుంది. ఎచ్.ఎం.టి. చిన్న డయలు, నల్లతోలు పట్టీ. "ఆడవాళ్ళకి వాచీ ఏవిటమ్మా, ఫ్యాషను కాకపోతే!" అని ఒక పెద్దావిడ దీర్ఘం తీసిందిట. నాన్నగారి వాచీ ఏమైపోయిందో ఇప్పుడు ఆయనకే తెలీదు. అమ్మ వాచీ నిన్నటిదాకా నడిచింది.

అన్నట్టు, ఆ పెద్దావిడకి తెలీని సంగతి ఒకటుంది. చేతి వాచీ మొదట ఆడవాళ్ళదే. 1810లో నేపుల్స్ రాణిగారు చేతికి కట్టుకునే వాచీ చేసిపెట్టమని పారిస్‌లో బ్రెగే అనే పనివాడికి ఆర్డరిచ్చింది. ఆ తర్వాత నూరేళ్ళపాటు మగమహారాజులు గొలుసు గడియారాలు జేబులో వేసుకుని, చేతికి కట్టుకోవడం ఆడంగి వేషమన్నారు. 1914లో యుద్ధం వచ్చి, కందకాల్లో మాటిమాటికీ జేబు తడుముకోవడం కుదరక, అప్పుడు కట్టుకున్నారు. ఎచ్.ఎం.టి. వాళ్ళు 1961లో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టాక, బల్లల ముందు కూర్చుని ఆ చీమతలకాయంత మరలు బిగించినవాళ్ళలో ఆడవాళ్ళు బోలెడుమంది. బిగించడానికి పనికొచ్చిన చేతులు, ఊడినప్పుడు ముట్టుకోవడానికి పనికిరావా?

సరే, పెద్ద అద్దాల షాపొకటుంటే తీసుకెళ్ళాను. కుర్రాడు వాచీ వంక చూడనైనా లేదు. "దీనికి పార్టులు రావు మేడమ్. కంపెనీయే మూసేశారు. లోపలి మిషను తీసేసి బ్యాటరీ మిషను వేసిస్తాను. డయలు మాత్రం ఇదే ఉంచుతాను. బయటికి ఎవరికీ తెలీదు" అన్నాడు.

కంపెనీ మాట నిజమే. 2016లో ఎచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసెయ్యాలని ప్రభుత్వం నిర్ణయించింది. బ్యాటరీ వాచీ టైము మరింత కచ్చితంగా చూపిస్తుందనీ ఒప్పుకుంటాను. అమ్మది రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతుంది. కానీ, గుండెకాయ తీసి పారేసి మొహం మాత్రం ఉంచుతాను, ఎవరికీ తెలీదు అంటాడేమిటి? నాకు తెలియదూ? అయినా ఒక్క పుల్ల ఊడినందుకు మిషను మొత్తం మార్చడమేమిటి? తలుపు గడియ ఊడితే ఇల్లు పడగొడతామా?

అతని మాటకి తలూపి డబ్బు కట్టి వచ్చేస్తామని అతనికి గట్టి నమ్మకం. ఎందుకంటే మనకి తెలీదని అతనికి తెలుసు. నా కోపమంతా అక్కడే. అంచేత తెలుసుకున్నాను, మీరూ వినండి.

బుడిపె ఒక్కటే ఊడితే ఒక జబ్బు, పుల్లతో సహా ఊడితే ఇంకో జబ్బు. బుడిపె ఆ పుల్ల చివర మరలా బిగుస్తుంది. అస్తమానం వెనక్కి తిప్పే అలవాటుంటే ఆ మర వదులై బుడిపె చేతికొస్తుంది. లోపలి వరసలు అరిగిపోకపోతే మళ్ళీ బిగించుకోవచ్చు. ఫెవిక్విక్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. లోపలికి పాకిందంటే పుల్ల బిగుసుకుపోతుంది, దాని ఆవిరికి అద్దం తెల్లబడుతుంది. పుల్లతో సహా ఊడొచ్చిందంటే, చాలాసార్లు విరిగేది ఏమీ ఉండదు. పుల్ల మీద ఒక గాడి ఉంటుంది. లోపల ఒక చిన్న మీట ఆ గాడిలో ముక్కు పెట్టి దాన్ని పట్టుకుంటుంది. ఆ మీటని పట్టి ఉంచే మర ఏళ్ళ తరబడి తిప్పగా తిప్పగా వదులవుతుంది. వెనక మూత తీసి, పుల్లని మెల్లిగా తిప్పుతూ లోపలికి పోనిచ్చి, అది కుదురుకున్నాక మర బిగిస్తే అయిపోయింది. కొన్ని వాచీల్లో మరకి బదులు నొక్కే బొడిపె ఉంటుంది.

అయితే ఇది కుక్కరు గాస్కెట్టు మార్చినంత తేలిక అని మిమ్మల్ని మభ్యపెట్టను. ఆ మరని ఒక్క చుట్టు ఎక్కువ వదులు చేస్తే మీట జారి డయలు కిందికి పడిపోతుంది. అప్పుడు ముళ్ళూ డయలూ అన్నీ విప్పాలి. నేను కూరగాయల చాకుతో వెనక మూత లేపబోయి, చెయ్యి తెగాక మానుకున్నాను.

చివరికి పాత బస్టాండు దగ్గర, అద్దాల పెట్టె ముందు స్టూలు వేసుకుని కూర్చునే సాయిబుగారు ఉన్నారని పాలబ్బాయి చెప్పాడు. ఆయన కంటికి భూతద్దం ఇరికించుకుని మూత తీశారు. "మర వదులైంది కదండీ?" అన్నాను. ఆయన భూతద్దం తీసి నా వంక చూశారు. "ఎవరు చెప్పారమ్మా?" అన్నారు. ఆ తర్వాత నన్నూ చూడనిచ్చారు. గాడి, మీట ముక్కు, మర, అన్నీ కనిపించాయి. పది నిమిషాల పని, వంద రూపాయలు. అద్దాల షాపు కుర్రాడు చెప్పింది ఎనిమిది వందల యాభై.

అమ్మకి ఫోను చేసి చెబితే, "వెనక్కి తిప్పావా?" అంది మొదట. తర్వాత, "రెండు నిమిషాలూ అలాగే వెనకబడుతోందా?" అంది. అలాగే వెనకబడుతోందంటే తృప్తిగా ఊఁ కొట్టింది.

నిన్న సాయంత్రం మా వారు బీరువాలో ఎక్కడో వెతికి, పెళ్ళిలో మా వాళ్ళు పెట్టిన వాచీ తీసుకొచ్చారు. "ఇది కూడా మీ సాయిబుగారికి చూపిస్తావా?" అన్నారు.

"శుక్రవారం మధ్యాహ్నం ఉండరు. మిగతా రోజుల్లో ఎప్పుడైనా వెళ్ళండి" అన్నాను.