షల్గమ్ దీపం

అమెరికాలో నివసిస్తున్న ఒక సోదరి మాకు ఇలా రాశారు: “అక్టోబరు 31 రాత్రి మా వీధి పిల్లలందరూ దెయ్యాల వేషాలు ధరించి ఇంటింటికీ వెళ్లి మిఠాయిలు తెచ్చుకుంటారు. ‘నేనెందుకు వెళ్లకూడదు అమ్మీ?’ అని ఎనిమిదేళ్ల మా అబ్బాయి అడుగుతున్నాడు. ఏమని చెప్పను హజ్రత్?”

వద్దనడం సులువే. దేనిని వద్దంటున్నామో తెలుసుకుని అనడం న్యాయం.

ఐర్లాండ్, స్కాట్లాండ్‌ల కెల్టిక్ ప్రజలకు ‘సావిన్’ అనే పండుగ ఉండేది. వారికి నవంబరు 1తో చలికాలం ఆరంభం. మన హిజ్రీ లెక్కలో వలెనే వారికీ దినం సూర్యాస్తమయంతో మొదలయ్యేది గనుక పండుగ ముందు సాయంత్రమే వచ్చేది. వేసవి అంతా కొండలపై మేసిన పశువులను ఆ వేళకు దిగువకు తోలుకొచ్చి, కొన్నింటిని కోసి మాంసం నిల్వ చేసుకునేవారు. మంటలు వేసేవారు. ముందున్నవి చీకటి నెలలు. ఎవరు మిగులుతారో తెలియదు. ఆ భయంలోనే, ఆ రాత్రి లోకాల మధ్య తలుపు తెరుచుకుని ఆత్మలు తిరుగుతాయన్న నమ్మకం బలపడి ఉంటుందని మా అభిప్రాయం. తరువాతి కాలంలో చర్చి నవంబరు 1ని సకల పునీతుల దినంగా జరపసాగింది. దాని ముందు రాత్రి కనుకనే ‘హాలోవీన్’ అన్న పేరు.

ఐర్లాండ్ పల్లె పిల్లలు గుమ్మడికాయ ఎరుగరు. మన సాలన్‌లో పడే షల్గమ్ వంటి దుంపనే తొలిచి, కళ్లూ పళ్లూ చెక్కి, లోపల దీపం పెట్టేవారు. అటువంటి ఒక దీపపు అచ్చు ఐర్లాండ్ జాతీయ మ్యూజియంలో ఉంది. దాని బొమ్మ చూసి మాకే జంకు పుట్టింది! స్కాట్లాండ్‌లో పిల్లలు ఒక పాటో పద్యమో వినిపిస్తేనే ఆపిళ్లూ బాదం వంటి గింజలూ దొరికేవి. ఊరికే చేయి చాచడం లేదు. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువు లక్షలాది ఐరిష్ ప్రజలను అమెరికాకు తరిమింది. వారి వెంట ఈ ఆచారమూ వెళ్లింది. అక్కడ తొలవడానికి సులువైన గుమ్మడికాయ దొరికింది.

సోదరీ, మృతులు బర్జఖ్‌లో ఉన్నారు, వీధుల్లో తిరగరు. కనుక దెయ్యం వేషం వేసి పంపమని మేము చెప్పము. కానీ మీ అబ్బాయిని లాగుతున్నవి ఆత్మలు కావు. తెలిసిన వీధి చీకట్లో కొత్తగా కనిపించడం, తట్టిన ప్రతి తలుపూ తనకోసం తెరుచుకోవడం. తరావీహ్ ముగిశాక చేత టార్చి పట్టుకుని, తోటి పిల్లలతో గల్లీలన్నీ తిరిగి ఇల్లు చేరిన రంజాన్ రాత్రులు మాకు ఇప్పటికీ గుర్తే. అటువంటి రాత్రి మీ అబ్బాయికి ఏడాదిలో ఒక్కటైనా ఉన్నదా? తదుపరి ఉత్తరంలో రాయండి.