నీళ్ళ గుండానే దారి



క్రిందటి మాసం మన సంఘం వారి కూడికలో, భోజనాలు ముగిసిన తరువాత, ఒక పెద్దమ్మగారు మమ్మల్ని ప్రక్కకు పిలిచి ఒక ప్రశ్న వేసినారు. "కష్టాన్ని ఒప్పుకుంటె మనసు కుదుటపడుతదని అందరు చెప్తరు నాయినా. నువ్వు గూడ ఈ పేజీల రాస్తవు. ఎట్ల ఒప్పుకోవాల్నో మాత్రం ఎవ్వరు చెప్పరు" అన్నారు.

ఆమెకు అక్కడ మేము జవాబు చెప్పలేకపోయినాము. ఇంటికి వచ్చి ఆలోచించగా, ఆమె మాట న్యాయమే అనిపించినది. "ఓర్చుకో" అన్నంత చవక సలహా లోకంలో మరొకటి లేదు. చెప్పేవానికి ఖర్చు లేదు, వినేవానికి గుణం లేదు. కావున ఈ మాసం సలహా మాని, మా యింట జరిగిన సంగతి ఒకటి చెప్పుకొంటాము. అందులో ఆ పెద్దమ్మగారికి పనికివచ్చేది ఏమైనా ఉంటే తీసుకొందురు గాక.

2021వ సంవత్సరం మే నెల. కరోనా రెండవ విడత. ఆ దినాలు ఎవరూ మరచిపోలేదు గదా. మా తమ్మునికి ఒక శనివారం నాడు జ్వరం వచ్చినది. సోమవారం ప్రొద్దున వాడు, "అన్నా, దమ్ము కొంచెం భారంగ ఉన్నది. దవాఖానకు పోదామా?" అని అడిగినాడు. "పరీక్ష రిపోర్టు రానీయరా. ఊరికే పోయి అక్కడి రోగం గూడ అంటించుకోవడ మెందుకు?" అన్నాము మేము. రిపోర్టు బుధవారం వచ్చినది. ఆనాడే తీసుకొని పోయినాము. తరువాత ఎనిమిదవ నాటికి వాడు లేడు. వానికి ముప్పయ్యెనిమిదేండ్లు. భార్య, ఒక్క ఆడపిల్ల.

"సోమవారం నాడే తెస్తే బ్రతికేవాడా?" అని డాక్టరుగారిని అడిగినాము. "అది ఎవరూ చెప్పలేరు" అన్నారు ఆయన. ఆ మాట మాకు ఆనలేదు. బ్రతికేవాడంటే నేరం మాది అని తేలిపోయేది. బ్రతకడంటే నిర్దోషులమని తేలిపోయేది. ఏదీ తేలనందువల్ల ప్రతి రాత్రి మాలో మేమే కోర్టు తీర్చుకొన్నాము. వాది మేమే, ప్రతివాది మేమే, జడ్జీ మేమే. విచారణ జరిగేది, తీర్పు వచ్చేది కాదు. మరునాటి రాత్రికి వాయిదా పడేది. ఇట్లా రెండు సంవత్సరాలు గడిచినవి.

బయటకు మాత్రం అంతా సవ్యంగానే ఉన్నది. కచేరీకి పోయేవారము, వచ్చేవారము. కాని బాంకులో తమ్ముని ఖాతా అట్లాగే పడి ఉన్నది. మరణ ధ్రువపత్రం నకలు తెచ్చి అర్జీ రాసి ఇస్తే ఆ పైకం మరదలి చేతికి వస్తుంది. మాది గుమాస్తా పని; దినానికి ఎందరి పేర్ల ముందో "లేట్" అని రాసే చెయ్యి ఇది. ఆ ఒక్క పేరు ముందు ఆ రెండక్షరాలు రాయలేక రెండేండ్లు జాగు చేసినాము. మరదలు అడుగలేదు, మేము చెప్పలేదు. వాడు తినే కంచం అలమారలో బోర్లించి ఉండేది. దానిని ఎవరూ తాకేవారు కారు.

ఒకనాడు మా అమ్మ మా ముందుకు వచ్చి కూర్చున్నది. "ఇంక ఎన్నొద్దులు ఆ సోమారం కాడనే కూసుంటవు కొడుకా?" అన్నది. మేము నోటితో ఎన్నడూ అనని మాట ఆమెకు ఎట్లా తెలిసినదో! "రేపు పొద్దుగాల నర్సింహ ఝరకు పోదాం, లే" అన్నది.

మన బీదరులో ఉన్నవారికి ఝరణీ నరసింహస్వామిని గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. అయినా దూరాన ఉన్న మన పిల్లల కోసం నాలుగు మాటలు. మన ఊరు నిలిచినది ఎర్రని జంబిట రాతి మీద. ఈ రాయి నిండా బెజ్జాలే. వాన నీరు దానిలో ఇంకి, కింద ఉన్న నల్లరాయి దాకా దిగి, ఇంక దిగలేక ప్రక్కలకు పారి, ఊటలై బయటపడుతుంది. అట్టి ఊటలలో ఒకటి ఈ ఝర. కొండ లోపల సుమారు 300 మీటర్ల సొరంగం. అందులో నడుము లోతు, ఒక్కొక్కప్పుడు రొమ్ము లోతు నీరు. పైన గబ్బిలాలు. స్వామి ఆ సొరంగం చివర ఉన్నాడు. ఆయనను చూడవలెనంటే కలవాడు గాని లేనివాడు గాని ఆ నీళ్ళలోనే నడవవలెను. మరో దారి లేదు.

స్థల పురాణం ఇది. హిరణ్యకశిపుని చంపిన తరువాత నరసింహస్వామి ఈ గుహలో జలాసురుడనే రాక్షసుని సంహరించినాడట. వాడు శివభక్తుడు. ప్రాణం పోయే వేళ, "స్వామీ, నీవు ఇక్కడనే ఉండి, నిన్ను వెతికి వచ్చేవారి కోరికలు తీర్చవలెను" అని వేడుకొన్నాడట. స్వామి సరే నన్నాడు. రాక్షసుడు నీరై స్వామి పాదాల దగ్గర నుండి పారసాగినాడు. నేటికీ పారుతున్నాడని మన నమ్మకం.

ఈ కథ చిన్ననాటి నుండి విన్నదే. ఆనాడు నీళ్ళలో దిగినప్పుడు మాత్రం కొత్తగా తోచినది. స్వామి ఆ రాక్షసుని లేకుండా చేయలేదు. నీరుగా మార్చినాడు. స్వామిని చేరవలెనంటే ఆ రాక్షసునిలో నుండే నడవవలెను.

అమ్మకు అరవై యెనిమిదేండ్లు. మా భుజం పట్టుకొని నడుస్తున్నది. సగం దారిలో మాకు కాళ్ళు ఆడలేదు. చలి ఎముకలకు పట్టినది, దమ్ము భారమైనది. ఆ క్షణంలో తమ్ముడన్న మాట, "దమ్ము కొంచెం భారంగ ఉన్నది" అన్నది, చెవిలో వినిపించినది. నిలిచిపోయినాము. వెనుక వచ్చేవారు, "నడవండి, నడవండి" అని కన్నడంలో, తెలుగులో, మరాఠీలో అంటున్నారు. అమ్మ మా భుజం తట్టి, "నిలబడితేనె చలి. నడువు కొడుకా" అన్నది.

అంతే. ఆమె వేదాంతం చెప్పలేదు. నడిచినాము. దర్శనం చేసుకొని తిరిగి అదే నీటిలో నడిచి బయటకు వచ్చినాము. ఎండ తగిలినది. ఏడ్చినాము. రెండేండ్లలో అదే మొదటి ఏడుపు.

ఆ సాయంత్రం మరదలిని పిలిచి, సోమవారం నాడు జరిగినది ఉన్నది ఉన్నట్లు చెప్పినాము. వాడు దవాఖానకు పోదామన్నాడనీ, ఆగమన్నది మేమేననీ. ఆమె చాలాసేపు నేల చూస్తూ ఉన్నది. తరువాత, "నాకు తెలుసు బావగారూ. మీకంటె ముందుగాల నన్నే అడిగిండు. రిపోర్టు రానీయమని నేను గూడ అన్న" అన్నది.

ఒకే కప్పు కింద, ఒకే నేరానికి, ఇద్దరం వేర్వేరు కోర్టులు నడుపుకొంటున్నాము. ఒకరి సంగతి ఒకరికి తెలియదు! అరణ్యపర్వంలో ధర్మరాజు, నా వంటి దురదృష్టవంతుడు ఎవడైనా ఉన్నాడా అని బృహదశ్వమునిని అడిగితే, ఆ ముని ఓదార్పు మాటలు చెప్పక నలుని కథ చెప్పినాడు గదా. ఎందుకో ఆనాడు తెలిసినది. మన దుఃఖం మన ఒక్కరిదే అనుకొన్నంత కాలం అది దిగదు.

మరునాడు కచేరీకి సెలవు పెట్టి ధ్రువపత్రం నకలు తెచ్చినాము. అర్జీలో ఆ రెండక్షరాలు రాసినాము. చేయి వణికినది, కాని రాసినది. ఆ రాత్రి అమ్మ అలమారలో కంచం తీసి కడిగి, మనుమరాలికి అందులో అన్నం పెట్టినది.

ఇప్పుడు పెద్దమ్మగారి ప్రశ్నకు వస్తాము. ఒప్పుకోవడమంటే ఏమిటి?

జరిగినది న్యాయమే అని తల వంచడం ఒప్పుకోవడం కాదు. మన రామదాసు, కంచెర్ల గోపన్నగారు, పాల్వంచ పరగణా తహసీలుదారు. ఒక రకంగా మావలె లెక్కల మనిషే. తానీషా ప్రభుత్వానికి చేరవలసిన పైకం భద్రాచలం గుడికి ఖర్చు చేసినందుకు గోలకొండ చెరలో పండ్రెండేండ్లు ఉన్నాడని చెప్తారు. ఆయన "అంతా నీ దయ" అని ఊరుకోలేదు. ఏ నగకు ఎంత అయినదో రామునికే లెక్క చెప్పి నిలదీసినాడు. దెబ్బలకు తాళలేక తిట్టినాడు, మళ్ళీ క్షమించమన్నాడు. చెరను చెరగా ఒప్పుకొన్నాడు, న్యాయమని ఒప్పుకోలేదు. కావున కష్టంలో ఉన్నవారు దేవుని తిడితే మనం చెవులు మూసుకోనక్కరలేదు.

మరి చేతులు ముడుచుకొని కూర్చోవడమా? అదీ కాదు. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు, మన జిల్లాలో జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీర్ వైపు తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి, బీదరు మైసూరు రాష్ట్రానికి పోయినవి. మా తాతగారు అంతవరకు ఉర్దూలో దస్తరం రాసినవారు. చెల్లెలిని ఇచ్చిన ఊరు రాత్రికి రాత్రి వేరే రాష్ట్ర మైనదని బాధపడినారట. కాని నలభై దాటిన వయస్సులో మా నాయనగారి పలక తీసుకొని కన్నడం ఓనమాలు దిద్దినారు. ఇంట్లో తెలుగు మానలేదు. మన పెద్దలలో చాలామంది చేసినది ఇదే. గీత ఎక్కడ గీసినారో ఒప్పుకొన్నారు; గీతకు ఇవతల ఏమి చేయవచ్చునో అది చేసినారు.

మా కచేరీ భాషలో చెప్పవలెనంటే, ముగిసిన ఫైలును మేము తగులబెట్టము. బల్ల మీదా ఉంచము. నెంబరు వేసి రికార్డు గదిలో పెడతాము. కావలసినప్పుడు తీసి చూడవచ్చును. బల్ల మాత్రం రేపటి పనికి ఖాళీ కావలెను. తమ్ముడు మాకు మరపునకు రాలేదు. ప్రతి రాత్రి విచారణ మాత్రం ఆగినది. ఎప్పుడైనా సోమవారం ప్రొద్దున గుండె కలుక్కుమంటుంది. అప్పుడు ఒక నిముషం ఆగి, మళ్ళీ నడుస్తాము.

పాశ్చాత్య వైద్యులు కూడ ఈ మాటకే వచ్చినారు. అమెరికాలో స్టీవెన్ హేయ్స్ అనే మనస్తత్వ శాస్త్రాచార్యులు యువకుడుగా ఉన్నప్పుడు ఉన్నట్లుండి గుండె దడ, భయం ఆవరించే వ్యాధితో బాధపడినారు. భయాన్ని తరిమికొట్టడానికి పెనుగులాడిన కొద్దీ అది పెరిగినదట. దానిని ఉండనిచ్చి, తనకు ముఖ్యమైన పని వైపు అడుగు వేయడమే మేలని గ్రహించి, 1980ల నుండి ఆ పద్ధతిని ఒక చికిత్సగా రూపొందించినారు. అమ్మ నీళ్ళలో చెప్పినది దీనికి ఎంత దూరం?

ఒక్క హెచ్చరిక. అందరి దుఃఖం గుహకు పోయి వస్తే తీరుతుందని మేము చెప్పడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు 2022 నుండి అమలులో ఉన్న తమ వ్యాధుల పట్టికలో, ఆరు మాసాలు దాటినా మనిషిని లేవనీయని శోకాన్ని చికిత్స కావలసిన వ్యాధిగా చేర్చినారు. నిద్ర, తిండి లేక, బ్రతకాలని లేక ఉన్నవారిని "ఓర్చుకో" అనడం పాపం. డాక్టరు దగ్గరకు తోడు పోవలెను. 2022 అక్టోబరులో ప్రభుత్వం వారు ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నెంబరు మీద రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చును. తెలుగులోనూ, కన్నడంలోనూ మాట్లాడేవారు ఉన్నారు. డాక్టరు సహాయం తీసుకోవడం కూడ ఒప్పుకోవడంలో ఒక భాగమే.

పెద్దమ్మగారూ, మాకు తెలిసినది ఇంతే. ముందు ఒక్కరితో ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఆ ఒక్కరు ఇంట్లోనే ఉండవచ్చును, మీవలెనే నోరు మూసుకొని. తరువాత, చేయలేక దాచిపెట్టిన పని ఏదో ఒకటి ఉంటుంది. అది చేయండి. మీతో కూడ నీళ్ళలో దిగడానికి తోడు కావలెనంటే, మా అమ్మ వస్తానన్నది.