పక్కింటి పండుగను తెలుసుకోవాలి

రుద్రంగి పరిసరాల నుంచి బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లిన వారు ఎందరో వున్నారు. సిరిసిల్ల ప్రాంతపు నేత కార్మికులు భివండీ, సూరత్‌లకు వలస వెళ్లడం పాత ముచ్చటే. పరాయి గడ్డ మీద బెంగాలీతో, పాకిస్తానీతో ఒకే గదిలో సర్దుకునే మనవారు సొంత వూరిలో పక్కింటి పండుగ సంగతి ఎరుగకపోవడం విచారకరం.

సెల్‌ఫోన్ వచ్చాక ఈ ఎడం తగ్గవలసింది. కాని కులానికొక వాట్సాప్ గ్రూపు, పార్టీకొక గ్రూపు వెలిశాయి. ఒక గ్రూపులో పుట్టిన పుకారును కాదనగలవాడు ఆ గ్రూపులో వుండడు. తగాదాలకు ఇదే మూలం.

అదే ఫోనులో మరో దారి కూడా వుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో నేడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. కోస్తా, రాయలసీమ, తెలంగాణ వారు, విదేశాల్లోని తెలుగువారు జీతం లేకుండా రాసినవివి. ఒకరు రాసినదాన్ని మరొకరు దిద్దవచ్చు. పేచీ వస్తే చర్చా పేజీలో తేల్చుకోవాలి. అక్కడ గొంతు పెద్దదైనవాడిది కాదు, ఆధారం చూపినవాడిదే పైచేయి. 2014లో రాష్ట్రం రెండైనా ఈ విజ్ఞాన సర్వస్వం ఒక్కటిగానే నిలిచింది.

మన పాఠశాలల్లోనూ ఈ పద్ధతి అమలు చేయడం వాంఛనీయం. నెలకొక శనివారం ఉపాధ్యాయుల పర్యవేక్షణలో ఈ పని సాగాలి. అయితే పిల్లలు తమ ఇంటి పండుగ గురించి రాయరాదు. బతుకమ్మ ఆడే ఇంటి పిల్ల తండాకు వెళ్లి తీజ్ గురించి అడగాలి. తండా పిల్లవాడు పీర్ల పండుగ గురించి, ముస్లిం పిల్లవాడు మగ్గం గురించి తెలుసుకోవాలి. రాసినదాన్ని ఆ ఇంటివారే దిద్దాలి. గల్ఫ్‌లోని అన్నలు కూడా ఫోనులో చూసి తమకు తెలిసినది చేర్చాలి.

వికీపీడియా విన్న మాటను ఒప్పుకోదు, అచ్చయిన ఆధారం అడుగుతుంది. కనుక ఆధారం దొరికినంత మేరకే అందులో చేర్చాలి. మిగిలినది పాఠశాల పుస్తకంలో భద్రపరచాలి.

ఫోను పిల్లలను చెడగొడుతుందన్న పెద్దల భయం అకారణం కాదు. కాని గదిలో ఒంటరిగా చూసే ఫోను వేరు, పదిమంది కూర్చుని పని చేసే ఫోను వేరు. 2016లో రుద్రంగి మండలమైంది, కార్యాలయాలు వచ్చాయి. ఒకరినొకరు ఎరిగిన వూరుగా నిలబెట్టే బాధ్యత మాత్రం గ్రామస్థులదే. ఉపాధ్యాయులు, పాలకవర్గం, యువజన సంఘాలు ఇకనైనా ముందుకు రావాలి.