అగ్గిపుల్ల వైరింగ్ ఇక చాలు



మన హాస్టల్లో పెరిగిన వాళ్లందరికీ ఒక విద్య వచ్చు. టేప్‌రికార్డరుకో, నీళ్లు కాచే హీటరుకో ప్లగ్గు ఉండదు. వైర్ల కొసలు పళ్లతో ఒలిచి, సాకెట్ బెజ్జాల్లో దూర్చి, ఊడిపోకుండా రెండు అగ్గిపుల్లలు గుచ్చేవాళ్లం. పాట వచ్చేది, నీళ్లు కాగేవి. "వీడు పెద్ద మెకానిక్‌రా" అని అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పుతోనే నేను పదో తరగతి అయ్యాక ఐటీఐలో వైర్‌మన్ ట్రేడ్‌లో చేరాను. పని నడిస్తే చాలు అనే ఆ అలవాటు నన్ను ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చెప్పి, మన పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక మాట విన్నవించుకోవడానికే ఇది రాస్తున్నాను.

మూడేళ్ల క్రితం ఇద్దరు మిత్రులతో కలిసి అద్దె షెడ్డులో సొంతంగా సీఎన్‌సీ రూటర్ తయారు చేశాం. ఇప్పుడు మన పట్టణాల్లో పూజగది తలుపుల మీద, గుమ్మాల మీద పువ్వులు, లతలు చెక్కుతున్నది ఈ యంత్రమే. కంప్యూటర్లో గీసిన బొమ్మ ప్రకారం కటింగ్ బిట్టు ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ, కిందికీ పైకీ కదులుతూ చెక్కను తొలుస్తుంది. ఇలా అంకెలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని 1952లో అమెరికాలోని ఎంఐటీలో ప్రదర్శించారు. అప్పట్లో అది పెద్ద సంస్థలకే సాధ్యం. 2009లో జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రామ్ వచ్చాక, ఆర్డ్యుయినో అనే చిన్న బోర్డుతోనే మనలాంటి వాళ్లకూ అందుబాటులోకి వచ్చింది.

ఇందులో మాయ ఏమీ లేదు. కంప్యూటర్ చెప్పినట్టు ఆర్డ్యుయినో పల్సులు పంపుతుంది. డ్రైవర్ ఆ పల్సులను బట్టి మోటారుకు కరెంటు ఇస్తుంది. మామూలు స్టెప్పర్ మోటారు ఒక్కో అడుగుకు 1.8 డిగ్రీలు తిరుగుతుంది. అంటే 200 అడుగులకు ఒక చుట్టు. డ్రైవర్‌లో ఒక్కో అడుగును 8 భాగాలు చేస్తే చుట్టుకు 1600 పల్సులు. ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే స్క్రూ వేస్తే మిల్లీమీటరుకు 320 పల్సులు. ఇది మన హాస్టల్ స్టడీ అవర్లో చేసే లెక్కే.

లెక్క మాకు మొదటి రోజే కుదిరింది. కుదరనిది వైరింగ్. నేను వైర్‌మన్‌ని కదా, ఆ భాగం నాదే.

మొదట మోటారు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టాను. యంత్రం కదులుతుంటే ఒక అతుకు ఊడింది. కరెంటు ఉండగా మోటారు వైరు ఊడితే డ్రైవర్ చెడిపోవచ్చు. మాదీ చెడిపోయింది. తరువాత స్పిండిల్ ఆన్ చేయగానే యంత్రం మధ్యలో ఆగిపోవడం మొదలైంది. మూడు వారాలు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాం. అసలు సంగతేమంటే, లిమిట్ స్విచ్‌ల సన్న వైర్లనూ స్పిండిల్ లావు వైరునూ నేను ఒకే కట్టగా కట్టాను. స్పిండిల్ వైరులోని అలజడి సన్న వైర్లలోకి చేరి, స్విచ్ నొక్కినట్టు బోర్డును నమ్మించింది. షీల్డ్ ఉన్న వైరు వేసి, రెండింటినీ విడదీస్తే తగ్గింది.

మూడోది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. లిమిట్ స్విచ్‌లను నేను నొక్కితే కలిసే పద్ధతిలో కలిపాను. ఆ పద్ధతిలో వైరు తెగినా యంత్రానికి తెలియదు. ఒకరోజు తెగింది. యంత్రం చివరిదాకా వెళ్లి ఫ్రేమును గుద్దింది. మిత్రుడు ఎర్ర బటన్ నొక్కాడు. కదలిక ఆగింది. అంతా ఆగిందనుకుని చెక్క తీయబోయాడు. స్పిండిల్ ఇంకా తిరుగుతూనే ఉంది, నిమిషానికి 18 వేల చుట్లు. బటన్‌ను నేను ఆర్డ్యుయినోకు మాత్రమే కలిపాను, స్పిండిల్ కరెంటుకు కలపలేదు. చొక్కా చెయ్యి చిరిగింది. వేళ్లు దక్కాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుర్తొచ్చింది అగ్గిపుల్లలే. యంత్రం నడిస్తే వైరింగ్ బాగున్నట్టే అనుకున్నాను. కానీ ప్రమాదం వచ్చినప్పుడు ఆగితేనే అది బాగున్నట్టు.

మర్నాటి నుంచి అన్నీ విప్పి మళ్లీ చేశాం. లిమిట్ స్విచ్‌లను నొక్కితే విడిపోయే పద్ధతికి మార్చి, ప్రోగ్రామ్‌లో ఒక సెట్టింగ్ మార్చాం. ఇప్పుడు వైరు తెగితే యంత్రం తనంతట తానే ఆగుతుంది. ఎర్ర బటన్ కాంటాక్టర్ ద్వారా స్పిండిల్‌కూ మోటార్లకూ కరెంటు కోసేస్తుంది. కోసినా స్పిండిల్ కాసేపు తిరుగుతుంది కాబట్టి, పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టకూడదనేది మా షెడ్డు నియమం. ఫ్రేముకూ స్పిండిల్‌కూ ప్యానెల్‌కూ ఎర్తింగ్ ఇచ్చాం. స్క్రూ కింద బిగించే కొసలకు సోల్డర్ పూయడం మానేశాం. ఒత్తిడికి అది మెల్లగా అణిగి వదులవుతుంది. ఫెర్రూల్ తొడిగి క్రింప్ చేస్తే పట్టు నిలుస్తుంది.

ఇక నా విన్నపం. సంఘం డబ్బుతో హాస్టల్‌కు ఒక రెడీమేడ్ సీఎన్‌సీ యంత్రం కొనిద్దామని కొందరు మిత్రులు అంటున్నారు. వారి మనసు మంచిదే, కానీ నేను ఒప్పుకోను. కొన్న యంత్రానికి దండ వేస్తాం, ఫోటో దిగుతాం, చెడిపోయిన రోజు గదికి తాళం వేస్తాం. దాని బదులు ఒక ప్లైవుడ్ పలక మీద ఒక మోటారు, డ్రైవర్, ఆర్డ్యుయినో, తక్కువ వోల్టేజి సప్లై, రెండు లిమిట్ స్విచ్‌లు, ఒక ఎర్ర బటన్ ఇద్దాం. పక్కన మల్టీమీటరు, క్రింపింగ్ టూలు పెడదాం. పిల్లలు కలపాలి, విప్పాలి, మళ్లీ కలపాలి. కావాలని ఒక వైరు పీకి, యంత్రం ఆగిందో లేదో చూడాలి. రూటర్ తరువాత వాళ్లే చేసుకుంటారు.

కరెంటుతో పిల్లలకు ఆటలా అని వార్డెన్ గారు అడగవచ్చు. సరైన ప్రశ్నే. 230 వోల్టుల వైపు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేసి, పెట్టె మూసి స్క్రూలు బిగించాలి. పిల్లల చేతికి 24 వోల్టుల వైపు మాత్రమే అందాలి. చదువు పాడవుతుందనే వాళ్లకు నా జవాబు ఒక్కటే. అగ్గిపుల్ల విద్యను మనం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాం. అది పిల్లలకు ఎలాగూ వస్తుంది. మంచి విద్యను మాత్రం ఒకరు దగ్గరుండి నేర్పాలి.

అన్నిటికంటే ముందు ఇంకో పని ఉంది. మన గదుల్లోని పగిలిన సాకెట్లు మార్చి, ఎర్తింగ్ పరీక్ష చేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిద్దాం. ఇందుకు ఒక ఆదివారం నా చేతులు, నా పనిముట్లు సిద్ధం. ఎవరెవరు వస్తారో వార్షికోత్సవం రోజు సభలోనే చెప్పండి.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థి, వైర్‌మన్