'ఇంట్లనే ఉంటది'

దేశంలో 15 ఏళ్లు, ఆపై వయసున్న స్త్రీలలో శ్రామికశక్తిలో ఉన్నవాళ్లు 2017-18లో నూటికి 23.3 మంది, 2023-24లో 41.7 మంది. పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే చెప్పిన ఈ అంకెలే ప్రామాణికం. పథకాలూ, చర్చలూ, మరెన్నో సర్వేలూ వీటిమీదే నిలబడతాయి. మరి ఈ అంకెలు దేనిమీద నిలబడ్డాయి?

జనగణన జాబితా నుంచి కొన్ని ఊళ్లు, ఆ ఊళ్లలో కొన్ని ఇళ్లు ఎంచుకుంటారు. ఎంపికైన ఒక్కో మనిషీ వేలమందికి బదులు నిలబడుతుంది. ఆమె జవాబును అంతమందితో హెచ్చవేస్తారు. ఈ పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు. కానీ గుమ్మం దగ్గరే జవాబు తప్పితే, ఎన్ని ఇళ్లు తిరిగినా ఆ తప్పు పోదు. హెచ్చవేతలో పెరుగుతుంది! జాబితా సంగతీ అంతే. 2021లో జనగణన జరగలేదు కనక సర్వేలు 2011 జాబితాతోనే నడిచాయి. 2016లో సూర్యాపేట జిల్లాలోకి వచ్చిన మోతె ఆ జాబితాలో ఇంకా నల్లగొండ జిల్లాదే.

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కనక ప్రశ్నాపత్రాన్నీ కథలాగే చదువుతాను. చెబుతున్నదెవరు? ఎవరి గురించి? సర్వేలో ఇంటిల్లిపాది తరఫునా ఒక్కరే జవాబు చెప్పొచ్చు. మోతెలో ఇంటాయన్ని అడిగితే ఏమంటాడు? 'ఏం పని చేస్తది? ఇంట్లనే ఉంటది.' నాటేసి, కలుపు తీసి, పత్తి ఏరి, బర్రెపాలు పిండిన మనిషి ఆ ఒక్క మాటతో 92వ కోడ్‌లో పడుతుంది: ఇంటిపని మాత్రమే. దాంతోపాటు కట్టెలూ, మేతా ఏరి తెస్తే 93. రెండూ శ్రామికశక్తికి బయటే.

ఇంటిపని మాత్రం తక్కువా? ప్రభుత్వమే చేసిన 2024 కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఒక సర్వేలో నిమిషాలతో సహా దొరికిన శ్రమ, ఇంకో సర్వేలో పనే కాకుండా ఎలా పోతుంది?

ప్రశ్న మార్చడం అసాధ్యమేమీ కాదు. స్త్రీలు పట్టుబట్టాకే 1991 జనగణన ప్రశ్నలో, పొలంలోనూ కుటుంబ వ్యాపారంలోనూ జీతంలేకుండా చేసే పనినీ కలపాలన్న మాట చేరింది. ఆ పోరాటం సగంలోనే ఉంది. ఆయన్ని కాదు, ఆమెనే అడగండి. 'పని చేస్తారా?' అని కాదు. 'నాటుకు పోయిన్రా అక్కా? పత్తి ఏరిన్రా? కేంద్రంల పాలు పోసిన్రా?' అని పనుల పేర్లతో అడగండి. అప్పుడు హెచ్చవేయండి, ఎంతతోనైనా!