ఎస్‌.ఎం.పి.ఎస్‌. "ఏదో ఒకటి" కాదు

ఇంట్లో స్వయంగా కంప్యూటర్ కూర్చుకోవాలని ఉబలాటపడే విద్యార్థులు కొందరుంటారు. విడిభాగాల జాబితా రాసుకొచ్చి, "ఇది బాగుందా మాస్టారూ?" అని అడుగుతారు. సంతోషమే. అయితే ఆ జాబితాల్లో మొదట ప్రాసెసర్, ఆ వెనకే గాజు తలుపు, రంగురంగుల దీపాలు ఉన్న కేబినెట్ ఉంటాయి. ఎస్‌.ఎం.పి.ఎస్‌. అన్నచోట మాత్రం "ఏదో ఒకటి" అని ఉంటుంది. కేబినెట్‌తో కలిపి వచ్చేస్తుందిలే అనుకుంటారు.

ఆ "ఏదో ఒకటి"తోనే నాకు పేచీ.

గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటర్ భాగాలకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఆ మార్పు చేసేది ఈ ఇనప పెట్టె. ప్రాసెసర్‌కు 12 వోల్టులూ ఎక్కువే. మదర్‌బోర్డు దాన్ని ఇంకా తగ్గించి, సుమారు ఒక వోల్టు చేసి అందిస్తుంది. వాట్లంటే వోల్టులను ఆంపియర్లతో గుణించగా వచ్చేదని పదో తరగతివారికి తెలుసు. 60 వాట్ల ప్రాసెసర్ 1.2 వోల్టుల మీద పనిచేస్తే ఎన్ని ఆంపియర్లు కావాలి? భాగించి చూడండి. యాభై! నీళ్ళు కాచే 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద తీసుకొనేది 9 ఆంపియర్ల లోపే. ఇంత ప్రవాహానికి మూలమైన పెట్టె నాసిరకమైతే కంప్యూటర్ పని మధ్యలో ఆగిపోతుంది. ఒక్కోసారి చెడిపోతూ మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోతుంది. ఇంట్లోవాళ్ళు నెలల తరబడి కూడబెట్టిన డబ్బు అది.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో "450 వాట్లు" అని ఉంటే నమ్మెయ్యకండి. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లని ఉంటే 192 వాట్లే అయింది. ప్రాసెసర్‌కు అందేది ఆ గడిలోంచే. "80 ప్లస్" గుర్తు ఉందేమో కూడా చూడండి. లోపలి భాగాలకు 160 వాట్లు కావాలనుకోండి. 80 శాతం దక్షత ఉన్న పెట్టె గోడ నుంచి 200 వాట్లు తీసుకుంటుంది, 60 శాతమైతే సుమారు 267. తేడా అంతా వేడి. బిల్లు మాత్రం నాన్నగారిదే.

ఇంకొక మాట. కేబినెట్ ముట్టుకుంటే చీమ కుట్టినట్టు జిల్లుమంటుందని కొందరు చెబుతారు. ఎస్‌.ఎం.పి.ఎస్‌. లోపల విద్యుత్ తీగల నుంచి ఎర్త్‌కు కలిపిన చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటిగుండా వచ్చే స్వల్ప ప్రవాహం ఎర్త్ తీగలోకి పోవాలి. ఇంట్లో ఎర్త్ లేకపోతే, లేదా మూడు పుల్లల ప్లగ్గును రెండు పుల్లల దానికి తగిలిస్తే, అది మీ వేలి గుండా పోతుంది. కంప్యూటర్ కొనేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి. ఖర్చు పెద్దగా ఉండదు.

మరి పొదుపు ఎక్కడ? పాఠాలకు, ప్రోగ్రాములు రాయడానికి విడి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. బొమ్మ చూపే భాగం లోపలే ఉన్న ప్రాసెసర్ తీసుకుంటే చాలు. ఇంటెల్ వారి ప్రాసెసర్ల పేరు చివర "ఎఫ్" అని ఉంటే ఆ భాగం పనిచేయదు. కార్డు లేకుండా దాన్ని కొంటే తెర నల్లగానే ఉంటుంది. ప్రాసెసర్, మదర్‌బోర్డు సాకెట్లు సరిపోవాలి. డీడీఆర్‌4 ర్యామ్ డీడీఆర్‌5 గాడిలో దూరదు, కోత వేరేచోట ఉంటుంది. దూరకపోతే బలవంతంగా నొక్కకండి.

ఎస్‌.ఎస్‌.డి. దగ్గర మాత్రం లోభం వద్దు. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్‌డిస్కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే నాలుగు మిల్లీసెకన్ల పైమాటే. సూది అక్కడికి జరిగే కాలం అదనం. ఎస్‌.ఎస్‌.డి.లో తిరిగేదేమీ లేదు.

దీపాలంటారా? పెళ్ళిపందిట్లో బాగుంటాయి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్ళినా, మీ ఊళ్ళో కొన్నా, బిల్లుమీద ఒక్కో భాగం పేరు, వారంటీ విడివిడిగా రాయించుకోండి. పెద్దవాళ్ళు దగ్గరుండగా మీ చేతులతోనే బిగించండి. ఎస్‌.ఎం.పి.ఎస్‌. మూత మాత్రం ఎన్నడూ విప్పవద్దు. దాని కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.