బోర్డు పడింది, సంతకం పడలేదు

2020 ఫిబ్రవరి 8న మన రాజమండ్రిలో పెద్ద సందడి. రాష్ట్రంలోనే మొట్టమొదటి దిశ పోలీస్ స్టేషన్‌ని అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారు వచ్చి ప్రారంభించేరు. పేపర్ల నిండా ఫొటోలు, ఫోన్ల నిండా వీడియోలు. ఇంక దిశ చట్టం వచ్చేసినట్టే అనుకున్నాం అందరం. నేనూ అలాగే అనుకున్నానండి.

ఈమధ్య మా ఊరి కేసొకటి వాయిదా మీద వాయిదా పడుతోంటే మా పిన్ని కూతురు అడిగింది. "ఏం అన్నయ్యా, 21 రోజుల్లో తేల్చేత్తామన్నారు కదా, ఆ చట్టం ఏమైపోయింది?"

"అది చట్టం అవ్వలేదమ్మా, బిల్లు దగ్గరే ఆగిపోయింది" అన్నాను.

"మరి స్టేషన్ పెట్టేరు కదా?"

దానికి జవాబు చెప్పాలంటే గవర్నరు గారి సంతకం గురించి చెప్పుకోవాలి.

ధవళేశ్వరంలో కాలవకి నీళ్లొదిలేరని తెలియగానే మన చేను తడిసిపోదు కదా. మధ్యలో లాకులుంటాయి, తూములుంటాయి. బిల్లు సంగతీ అంతే. అసెంబ్లీ, మండలి దాటేక కూడా సంతకం పడితేనే అది చట్టం.

ఆ సంతకం కోసం బిల్లు గవర్నరు దగ్గరకొచ్చినప్పుడు ఆయన ముందు మూడు దార్లు. రాజ్యాంగం 200వ అధికరణం చెప్పేది ఇదే. ఒకటి, సంతకం పెట్టడం. రెండు, ద్రవ్య బిల్లు కాకపోతే ‘ఇంకోసారి చూడండి’ అని సభకి తిప్పి పంపడం. సభ మళ్లీ పాస్ చేసి పంపితే మాత్రం ఆమోదం ఇవ్వనని అనడానికి వీల్లేదు. మూడు, రాష్ట్రపతికి పంపెయ్యడం. మాటాడితే మనం వీటో అంటాం గానీ, రాజ్యాంగంలో ఆ మాటే లేదు. ఉన్నదల్లా ఈ దార్లే.

దిశది మూడో దారి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టరమ్మకి జరిగిన ఘోరంతో దేశమంతా రగిలిపోయింది. డిసెంబరు 13న మన అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. గట్టి సాక్ష్యాలున్న కేసుల్లో 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ అయిపోవాలన్నారు. అయితే నేర చట్టాలు ఉమ్మడి జాబితాలో ఉంటాయి. అంటే వాటి మీద కేంద్రమూ చట్టం చెయ్యొచ్చు, రాష్ట్రమూ చెయ్యొచ్చు. రెండూ ఢీకొంటే కేంద్రం మాటే నెగ్గుతుంది. రాష్ట్రం మాట నిలబడాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఎంచేతనే ఆ బిల్లు ఢిల్లీ వెళ్లింది.

వెళ్లేక సందేహాలొచ్చేయి, వివరణలెళ్లేయి, సవరించి 2020లో ఇంకో బిల్లూ పెట్టేరు. రాష్ట్రపతి సంతకం మాత్రం పడలేదు. ఈలోగా 2024 జులై 1న పాత ఐపీసీయే పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కడియం నర్సరీ భాషలో చెప్పాలంటే, అంటు కడదామనుకున్న చెట్టే లేకుండా పోయింది.

అదే సమయంలో మూడు రాజధానుల బిల్లులు చూడండి. అప్పటి గవర్నరు బిశ్వభూషణ్ హరిచందన్ గారు 2020 జులై 31న సంతకం పెట్టేరు, అవి చట్టాలైపోయేయి. తర్వాత 2021లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, అది వేరే కథ. బిల్లు ఎవరి బల్ల మీదికి వెళ్లిందన్న దాన్ని బట్టే దాని రాత ఉంటుందని చెప్తున్నానంతే.

ఢిల్లీలో పరిశీలించడమే తప్పని నేననను. ఉరిశిక్ష దాకా వెళ్లే కేసుని అంత తొందరగా తేలిస్తే అమాయకుడు బలైపోతాడేమోనని ఎవరైనా అడగాల్సిందే. కానీ అడిగేక అవునో కాదో చెప్పాలి కదా. 201వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి బిల్లుని తిప్పి పంపిస్తే శాసనసభ 6 నెలల్లో మళ్లీ చూడాలి. మనం ఓట్లేసిన సభకి గడువుంది, ఢిల్లీకి మాత్రం లేదు!

పక్కన తెలంగాణ ప్రభుత్వం 10 బిల్లులు గవర్నరు దగ్గర ఆగిపోయేయని 2023లో సుప్రీంకోర్టుకెళ్లింది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో కోర్టు గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబరు 20న అయిదుగురు జడ్జీల ధర్మాసనం రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకి జవాబిస్తూ, కోర్టులు అలా గడువులు పెట్టకూడదంది. అయితే కారణం చెప్పకుండా గవర్నరు ఏళ్లకేళ్లు బిల్లు మీద కూర్చోవడం కుదరదనీ, అలా చేస్తే ఏదో ఒకటి తేల్చమని కోర్టు చెప్పొచ్చనీ అంది. అంటే తలుపు పూర్తిగా మూసెయ్యలేదు, తీసీ పెట్టలేదు.

నా బాధ ఇంకోటండి. సంతకం పడకముందే చట్టమొచ్చేసిందన్నట్టు చెప్పుకున్నది మన నాయకులే. స్టేషన్ పెట్టడానికి, యాప్ తేవడానికి రాష్ట్రపతి సంతకం అక్కర్లేదు. 21 రోజుల మాట నిలబడాలంటే కావాలి. ఆ తేడా మనకెవరూ విప్పి చెప్పలేదు. మా చెల్లి లాంటి పిల్లలు ఎన్ని ఊళ్లలో లేని చట్టాన్ని నమ్ముకున్నారో!

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు ఏ పార్టీ వాళ్లైనా "చట్టం తెచ్చేం" అని స్టేటస్ పెడితే వెంటనే షేర్ కొట్టెయ్యకండి. ముందు ఒక్క మాట అడగండి: "సంతకం పడిందాండీ? పడకపోతే ఎవరి బల్ల మీదుంది?"